కుడివైపు దెబ్బ తగిలితే ఎడమ కాలికి వేడి ఎందుకు తెలియదు?

ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెప్తాను, తప్పయితే దిద్దండి. మీ బాబాయి గారు కొబ్బరి దింపుకి ఎక్కి పడిపోయారు. పదో థొరాసిక్ పూస, అంటే ఛాతీ వెనక ఉండే పూసల్లో పదోది, విరిగింది. ఆ ముక్క వెన్నుపామును కుడివైపు నొక్కిందని స్కాన్‌లో రాశారు, ఆపరేషన్ అయ్యి నెల దాటింది. కుడి కాలు కదలదు. ఎడమ కాలు చక్కగా ఆడుతోంది, కానీ మీ పిన్ని వేడినీళ్లలో గుడ్డ ముంచి తుడుస్తుంటే తొడ మొదలు నుంచి కింద దాకా ఆ ఎడమ కాలికి వేడే తెలియలేదు. అదే గుడ్డ కుడి కాలికి పెడితే "కాలుతోందే" అని అరిచారు. చచ్చుబడిన కాలికి వేడి తెలియడమేంటి, బాగున్న కాలికి తెలియకపోవడమేంటి, స్కాన్ తప్పా, లేక ఆపరేషన్‌లో రెండోవైపు కూడా ఏదైనా కెలికారా అని ఇంట్లో గొడవ. రాత్రిళ్లు కుడి కాలు దానంతట అదే ఎగురుతోందని, గాలి సోకిందని ఎవరో అన్నారని కూడా రాశారు.

స్కాన్ తప్పు కాదండి. రెండోవైపు కెలికితే ఇలా ఉండదు. మీరు రాసినదంతా ఒక్క కుడివైపు దెబ్బకే సరిగ్గా అతుకుతుంది, ఇంకోవైపు ఏమీ జరక్కపోయినా ఇలాగే ఉంటుంది. ఎందుకో చెప్పడానికి కాస్త పొడుగ్గా రాయాలి, ఓపిగ్గా చదవండి. ఎందుకంటే ఇది అర్థం కాకపోతే మీరు కుడి కాలి గురించే బెంగ పెట్టుకుని కూర్చుంటారు, అసలు ప్రమాదం ఎడమ కాలికి ఉంది.

నేను ఫిజియోథెరపిస్టుని. కోనసీమలో ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని. చెట్టు మీంచి పడ్డవాళ్లు, లారీ మీద టార్పాలిన్ కడుతూ జారినవాళ్లు, కాలవ లోతు చూసుకోకుండా తలకిందులుగా దూకిన కుర్రాళ్లు, అందర్నీ చూశాను.

మొదట ఆ వస్తువు ఎంతుంటుందో చెప్పాలి, చాలామంది వెన్నెముక, వెన్నుపాము ఒకటే అనుకుంటారు. వెన్నెముక ఎముకల గొట్టం. వెన్నుపాము అందులో ఉండే మెత్తటి తాడు. పెద్దవాళ్లలో పొడవు దాదాపు 45 సెంటీమీటర్లు, మందం మన చిటికెన వేలంత. అంతే. మెడ కింద నుంచి మీ మొత్తం శరీరం మెదడుతో మాట్లాడేదంతా దాదాపుగా ఆ చిటికెన వేలంత తాడులోంచే పోవాలి. అది నడుము కింద దాకా కూడా రాదు, లంబార్ పూసల్లో, అంటే నడుము పూసల్లో, మొదటి రెండింటి దగ్గరే అయిపోతుంది. కింద మిగిలేది గుర్రం తోకలా వేలాడే నరాల కట్ట. సిజేరియన్‌కి వెన్నులో సూది పొడిచేటప్పుడు కిందగా పొడిచేది అందుకే, అక్కడ తాడు ఉండదు కాబట్టి. తాడు ఎముకల కంటే పొట్టిది కాబట్టి పూస నంబరూ తాడు భాగం నంబరూ ఒకే ఎత్తులో ఉండవు. పదో థొరాసిక్ పూస వెనక ఉండేది తాడులో దాదాపు పన్నెండో భాగం. తాడులో పదో భాగం చూసుకునేది బొడ్డు దగ్గర స్పర్శని, పన్నెండో దాని వెంటనే కింద ఉండే లంబార్ మొదటి భాగం చూసుకునేది గజ్జ దగ్గరది. మీ బాబాయికి పూస పదోదే అయినా మొద్దుదనం బొడ్డు దగ్గర కాకుండా గజ్జ, తొడ మొదలు దగ్గర మొదలైంది అందుకే. చూశారా, ఇది కూడా అతికింది.

ఈ తాడుని అడ్డంగా కోస్తే మధ్యలో సీతాకోకచిలుక ఆకారంలో బూడిదరంగు భాగం, చుట్టూ తెల్లటి భాగం కనిపిస్తాయి. బూడిదరంగులో నాడీకణాలు. తెల్లటి దాంట్లో పైకీ కిందకీ పోయే తీగలు. తెలుపు ఆ తీగల మీద ఉండే మైలిన్ అనే కొవ్వు తొడుగు వల్ల వచ్చింది. ఒక్కో పూస దగ్గర రెండువైపులా నరాలు బయటికొస్తాయి, మొత్తం 31 జతలు. ప్రతి నరానికీ రెండు వేళ్లు: వీపు వైపు వేరులోంచి కబురు లోపలికి వస్తుంది, పొట్ట వైపు వేరులోంచి ఆజ్ఞ బయటికి పోతుంది. 1811లో చార్లెస్ బెల్, 1822లో ఫ్రాన్స్‌లో మజాండీ తేల్చిన సంగతి ఇది. ఎవరు ముందు అని వాళ్లిద్దరి తరఫునా చాలా ఏళ్లు తగువు నడిచింది, అది వదిలేద్దాం.

ఇప్పుడు అసలు విషయం. తెల్ల భాగంలో తీగలు కలగాపులగంగా ఉండవు. ఏ పనికి ఆ దారి. మీకు తెలియాల్సినవి మూడు. వీటి తేడా అంతా ఒక్కదాంట్లో ఉంది: ఏది ఎక్కడ అటునుంచి ఇటు దాటుతుంది అన్నది. ఎడమ మెదడు కుడి శరీరాన్ని చూసుకుంటుందని అందరూ విన్నదే. అంటే ప్రతి దారీ ఎక్కడో ఒకచోట దాటాలి. అన్నీ ఒకే చోట దాటి ఉంటే మీ బాబాయికి ఒకే కాలికి అన్నీ పోయేవి, మీకు ఈ ప్రశ్నే వచ్చేది కాదు.

మన గోదారితో చెప్తాను. వంతెనలు లేని తాతల కాలం అనుకోండి. పైన అటు రాజమండ్రి, ఇటు కొవ్వూరు: ఇవి మెదడు రెండు సగాలు, రాజమండ్రి ఎడమది, కొవ్వూరు కుడిది. కాస్త కింద ధవళేశ్వరం ఆనకట్ట: ఇది మెడుల్లా, అంటే మెదడు అడుగుభాగం, తలకాయ మెడలోకి దిగేచోటు. అక్కడి నుంచి కిందకి గౌతమీ పాయ, దానికి రెండు గట్లు: ఇది వెన్నుపాము. నది కిందికి చూస్తూ నిలబడితే కుడిగట్టు మీద ముక్తేశ్వరం, ఎడమగట్టు మీద కోటిపల్లి. ఇవి రెండు కాళ్లు అనుకోండి, ముక్తేశ్వరం కుడి కాలు, కోటిపల్లి ఎడమ కాలు.

మొదటి దారి స్పర్శది. సన్నటి స్పర్శ, ఎముక మీద కంపనం, కళ్లు మూసుకున్నా వేలు పైకి ఉందో కిందకి ఉందో తెలియడం, ఇవన్నీ దీంట్లో పోతాయి. దీన్ని డోర్సల్ కాలమ్ అంటారు, తాడు వెనక భాగంలో ఉంటుంది. ఈ ప్రయాణికుడు పడవ ఎక్కడు. ముక్తేశ్వరంలో బయల్దేరితే కుడిగట్టు మీదే నడుచుకుంటూ బొబ్బర్లంక దాకా వెళ్లి, అక్కడ ఆనకట్ట మీంచి ధవళేశ్వరం దాటి, రాజమండ్రి చేరతాడు. కాలివేలు నుంచి మెడుల్లా దాకా ఒకే ఒక్క నాడీకణం తీగ, మధ్యలో ఎక్కడా అతుకు లేదు. కాస్త పొడగరి మనిషిలో అది మీటరున్నర దాకా ఉంటుంది. ఒక్క కణం! ఇన్నేళ్లయినా నాకు ఇది ఆశ్చర్యమే. మెడుల్లాలో రెండో కణానికి అందించి, అది దాటి, థాలమస్ అనే కూడలికి పోయి, అక్కడి నుంచి మెదడు పైపొరకి.

రెండో దారి నొప్పిది, వేడి చల్లదనాలది. పేరు స్పైనోథాలమిక్. ఈ ప్రయాణికుడికి తొందరెక్కువ, ఆనకట్ట దాకా ఆగడు. తన ఊరి రేవులోనే పంటు, అంటే జనాన్ని దాటించే పెద్ద పడవ, ఎక్కేస్తాడు. కోటిపల్లి వాడైతే వెంటనే ముక్తేశ్వరం దిగి, అక్కడి నుంచి కుడిగట్టు మీద నడిచి కొవ్వూరు పోతాడు. అసలు శరీరంలోకి వస్తే, నొప్పి తీగ తాడులోకి రాగానే బూడిదరంగు భాగం వెనక కొమ్ములో రెండో కణానికి కబురిచ్చేస్తుంది. ఆ రెండో కణం తీగ ఒకటి రెండు భాగాల ఎత్తు వెళ్లేలోపే మధ్యగీత దాటి అవతలివైపు ముందు పక్క భాగంలో చేరి పైకి పోతుంది. అంటే ఎడమ కాలి వేడి కబురు వెన్నుపాము కుడిసగంలో ప్రయాణిస్తుంది. మీ ఇంటి గొడవకి జవాబు ఈ ఒక్క వాక్యం.

మూడోది పై నుంచి కిందకి వచ్చే ఆజ్ఞల దారి, కార్టికోస్పైనల్. మెదడు పైపొరలో మొదలై మెడుల్లా దాకా దిగి, అక్కడ నూటికి 85 నుంచి 90 తీగలు అవతలికి దాటేస్తాయి. మన లెక్కలో రాజమండ్రి నుంచి వచ్చిన తాఖీదు ఆనకట్ట దగ్గరే దాటి, కుడిగట్టు పట్టుకుని ముక్తేశ్వరం దాకా దిగుతుంది. దాటకుండా మిగిలిన కొద్ది తీగలు వేరే దారిలో దిగి ఎక్కువగా మొండెం కండరాలకు పనికొస్తాయి.

ఇక గండి కొట్టండి. ముక్తేశ్వరానికి పైన ఎక్కడో కుడిగట్టుకి గండి పడింది. ఎవరెవరు ఆగిపోయారు? ముక్తేశ్వరానికి దిగాల్సిన ఆజ్ఞ ఆగింది: కుడి కాలు కదలదు. ముక్తేశ్వరం నుంచి గట్టు మీద నడిచిపోయే స్పర్శ ఆగింది: కళ్లు మూసుకుంటే ఆ కాలు ఎక్కడుందో తెలియదు. కోటిపల్లిలో పంటు ఎక్కి ఇటు దిగి పైకి నడుస్తున్న వేడి, నొప్పి కబురు ఆగింది: ఎడమ కాలికి వేడి తెలియదు. మరి ముక్తేశ్వరం వేడి కబురు? అది పంటు ఎక్కి కోటిపల్లి వైపు దిగి, చెక్కుచెదరని ఎడమగట్టు మీద హాయిగా పోయింది. అందుకే మీ బాబాయి చచ్చుబడిన కాలితో "కాలుతోందే" అని అరిచారు. సరిగ్గా గండి పడ్డ ఎత్తులో ఉన్న ఊళ్లు మాత్రం అన్ని విధాలా మునుగుతాయి, అంటే కుడివైపు నడుము దగ్గర ఒక సన్నటి పట్టీలో ఏ స్పర్శా ఉండదు. ఒకసారి వేలితో రాసి అడగండి, ఉంటుంది చూడండి.

దీనికో పేరుంది, బ్రౌన్-సెకార్ సిండ్రోమ్. ఆయన 1817లో మారిషస్‌లో పుట్టాడు. కోరంగి రేవులో ఓడెక్కి పోయిన మనవాళ్లని "కోరంగీలు" అని పిలిచిన అదే మారిషస్. 1850 ప్రాంతంలో వెన్నుపామును ఒకవైపు కోసి చూసి నొప్పి దారి తాడులోనే దాటుతుందని ఆయన చెప్పాడు. ఇక్కడ కాటన్ దొర 1847 నుంచి 1852 దాకా ఆనకట్ట కట్టించిన రోజులే అవి. దీనికీ దానికీ సంబంధం ఏమీ లేదు, పోలిక చెప్తుంటే నాకు ప్రతిసారీ గుర్తొస్తుంది, అంతే.

ఒక్క సవరణ. పుస్తకంలో గీసినట్టు సరిగ్గా సగం తెగడం కత్తిపోట్లలో తప్ప అరుదు. పడ్డ దెబ్బల్లో ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు కాస్త ఉంటుంది. మెత్తటి తాకిడి రెండు దారుల్లోనూ కొంత కొంత పోతుంది కాబట్టి దూదితో రాస్తే రెండు కాళ్లకీ తెలుస్తోందని కూడా అంటారు. ఈ చివరి మాట దగ్గరే నేను ఒకసారి ఘోరంగా దెబ్బతిన్నాను.

పని కొత్తగా మొదలుపెట్టిన రోజులు, ఒక చిన్న క్లినిక్‌లో ఉండేవాణ్ని. ఇలాంటి కేసే, కాకపోతే అటూ ఇటూ: ఎడమ కాలు పడిపోయింది, కుడి కాలు బాగుంది. బాగున్న కాలి మీదే బరువంతా వేసి పిక్క పట్టేసిందన్నాడాయన. హాట్ ప్యాక్ పెట్టే ముందు స్పర్శ చూడాలి అని కాలేజీలో నేర్పారు కదా, దూది తీసుకుని రాశాను. "తెలుస్తోందా?" "తెలుస్తోందండి." ప్యాక్ పెట్టి పక్క మంచం దగ్గరికి వెళ్లాను. పావుగంట ఆయన హాయిగా పేపరు చదువుకున్నాడు. మర్నాటికి పిక్క మీద అరచేయంత బొబ్బ, మానడానికి నెల పట్టింది. స్పర్శ చూశాను, వేడి చూడలేదు. రెండూ వేర్వేరు దారులని పరీక్షలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్నే, మనిషి దగ్గరికొచ్చేసరికి దూది తెలిసింది కదా వేడి కూడా తెలుస్తుందిలే అనుకున్నాను. ఆయన ఒక్క మాట అనలేదు, "కాలు ఆడుతోంది, అది చాల్లెండి" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అందుకే మొదట్లో అన్నాను, మీ ఇంట్లో ప్రమాదం ఎడమ కాలిదని. కుడి కాలిని అందరూ చూస్తున్నారు, దిండ్లు పెడుతున్నారు, నూనె రాస్తున్నారు. దానికి కాలితే అరుస్తారు కూడా. ఎడమ కాలు "బాగుంది" కాబట్టి ఎవరూ చూడరు. రేపు కర్రతో లేచి నడిచేది ఆ కాలి మీదే. బైక్ సైలెన్సర్ తగిలినా, ఎండలో కాలిన సిమెంటు మెట్ల మీద అడుగు పెట్టినా, చెప్పులో తుమ్మముల్లు దిగినా, కొబ్బరి డొక్క చీరుకున్నా తెలియదు. పొయ్యి దగ్గర కాళ్లు చాపుకుని కూర్చున్నా తెలియదు. వేడినీళ్ల సీసా కాపడం ఆ కాలికి పూర్తిగా మానేయండి, నీళ్లు ముందు పిన్ని గారి మోచేత్తో చూసి పొయ్యమనండి. రోజూ రాత్రి అరికాలు, మడమ, వేళ్ల సందులు లైటు వేసి చూడాలి, వంగి చూడలేకపోతే చిన్న అద్దం కింద పెట్టి చూడొచ్చు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి, వేసుకునే ముందు దులపాలి.

దారులు వేర్వేరని ఇంకా నమ్మకం కుదరకపోతే మీ ఊళ్లోనే చూడండి. చిన్నప్పుడు పోలియో వచ్చి కాలు సన్నబడిన పెద్దవాళ్లు ప్రతి ఊళ్లో ఒకరిద్దరుంటారు. మన దేశంలో సహజంగా తిరిగే పోలియో వైరస్‌తో చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014 మార్చిలో పోలియో లేదని ప్రకటించారు కాబట్టి కొత్తవాళ్లు దాదాపు లేరు. ఆ కాలికి కదలిక ఉండదు కానీ గిల్లితే మీకూ నాకూ తెలిసినట్టే తెలుస్తుంది. ఎందుకంటే ఆ వైరస్ తాడు ముందు కొమ్ములో ఉండే మోటార్ కణాలనే తింటుంది, పక్కనే ఉన్న స్పర్శ దారిని ముట్టుకోదు. దీనికి తిరగేసి ఇంకొకటి: బి12 బాగా తగ్గితే ముందు వెనక భాగం, అంటే స్పర్శ దారి దెబ్బతింటుంది, తర్వాత ఆజ్ఞల దారి కూడా. అలాంటి పెద్దాయన పగలు బాగానే నడుస్తాడు, కరెంటు పోతే చేలగట్టు మీద తూలుతాడు, కళ్లు మూసుకుని మొహం కడుక్కుంటూ ముందుకి పడబోతాడు. కాళ్లు ఎక్కడున్నాయో కళ్లు చెప్తున్నంతసేపే నిలబడగలడు. కాళ్లు దగ్గర పెట్టి కళ్లు మూయించి డాక్టరు చూసే రాంబర్గ్ పరీక్ష దీని కోసమే. ఆయనకి వేడినీళ్లు మాత్రం మామూలుగా తెలుస్తాయి. పాపం "వయసు" అని వదిలేస్తారు, ఇంజక్షన్లతో ఆగిపోయే సంగతి అది, తొందరగా పట్టుకుంటే.

చిన్నమెదడుకి పోయే దారులు కూడా ఉన్నాయి, కండరం ఎంత సాగింది, కీలు ఎంత వంగింది అన్న లెక్కలు మనకి తెలియకుండానే అక్కడికి చేరతాయి. వాటి గొడవ మీకు ఇప్పుడు అక్కర్లేదు.

వేగాల గురించి ఒక్కమాట, ఇది అందరికీ అనుభవమే. చీకట్లో మంచం కోడు కాలివేలికి కొట్టుకుంటే ముందు "తగిలింది" అని తెలుస్తుంది, వెంటనే చురుక్కుమంటుంది, ఓ క్షణం ఆగి అసలు సలుపు మొదలవుతుంది. ఆ క్షణం ఆగడం ఊరికే కాదు. స్పర్శ తీగలు మైలిన్ తొడుగున్నవి, సెకనుకి 35 నుంచి 75 మీటర్లు పోతాయి. చురుకు నొప్పి తీగలు 5 నుంచి 30. సలుపు తెచ్చే తీగలకి తొడుగే లేదు, సెకనుకి అర మీటరు నుంచి రెండు మీటర్లు, అంటే మనిషి నడక. వేలిని వెంటనే రుద్దుకుంటాం చూడండి, ఆ రుద్దుడు స్పర్శ ముందే వెన్నుపాములోకి చేరి సలుపు కబురుని వెనక కొమ్ము దగ్గరే కొంత అడ్డుకుంటుందని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు చెప్పారు. మా దగ్గర కరెంటు పెట్టే టెన్స్ మెషీన్ ఆ లెక్క మీదే పుట్టింది.

ఇక రాత్రిళ్లు కాలు ఎగరడం. గాలీ లేదు ధూళీ లేదు. మెదడు ఆజ్ఞ రెండు మజిలీల్లో వస్తుంది: మెదడు నుంచి తాడులోని ముందు కొమ్ము దాకా ఒక కణం, అక్కడి నుంచి కండరం దాకా ఇంకో కణం. మొదటిది పెద్ద కాలవ, రెండోది చేలోకి పోయే బోదె. పోలియోలో బోదె తెగింది, చేను ఎండింది, కండరం కరిగిపోయింది. మీ బాబాయికి బోదె బాగుంది, పైన కాలవ తెగింది. కాలవ తలుపులు ఎత్తాలో దించాలో పై నుంచి ఆఫీసరు మాట రావడం ఆగిపోయాక, కింద ఆ తలుపులు చూసుకునే లస్కరు ఏం చేస్తాడు? తనకి తోచినట్టు ఎత్తేస్తాడు. దుప్పటి తగిలినా, మూత్రం నిండినా, ఎక్కడైనా ముల్లు గుచ్చుకున్నా కింద కొమ్ములోని కణాలు కండరాన్ని గుంజేస్తాయి. దెబ్బ తగిలిన మొదటి రోజుల్లో కాలు గుడ్డపీలికలా ఉంటుంది, దాన్ని స్పైనల్ షాక్ అంటారు. వారాలు గడిచేకొద్దీ బిగువు, ఎగరడం మొదలవుతాయి. డాక్టరు తాళంచెవితో అరికాలు మీద గీస్తే బొటనవేలు కిందకి ముడుచుకోవాల్సింది పైకి లేస్తుంది, బాబిన్‌స్కీ అనే ఆయన 1896లో చెప్పిన గుర్తు. ఏడాది లోపు పిల్లలకి కూడా పైకే లేస్తుంది, వాళ్ల ఆజ్ఞల దారికి మైలిన్ ఇంకా పూర్తిగా పట్టలేదు కాబట్టి.

కాబట్టి కాలు ఎగరడం "వచ్చేస్తోంది" అనడానికి గుర్తు కాదు, "పాడైపోతోంది" అనడానికీ కాదు. కానీ ఉన్నట్టుండి ఎక్కువైందంటే వెతకండి: మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పుండు, గోరు లోపలికి పెరగడం, ఇలాంటిదేదో ఉంటుంది. శరీరం నోటితో చెప్పలేనిది కాలితో చెప్తోంది. మడమ కిందకి వాలిపోయి బిగుసుకోకుండా రోజూ రెండుసార్లు మెల్లగా, ఆగి ఆగి సాగదీయాలి. గుంజి సాగదీస్తే ఇంకా బిగుస్తుంది.

నడుస్తారా అని మీరు అడగలేదు, అడగడానికి భయపడ్డారనుకుంటాను. వెన్నుపాము పూర్తిగా కాకుండా కొంతమేరకే దెబ్బతిన్న రకాల్లో బ్రౌన్-సెకార్ రకానికి మంచి పేరుంది, ఎక్కువమంది ఏదో ఒక ఆసరాతోనో లేకుండానో నడుస్తారు. కర్రో, మడమకి బ్రేసో అవసరం పడొచ్చు. నేను చూసినంతలో తుంటి, తొడ ముందు కోలుకుంటాయి, మడమ, వేళ్లు ఆఖరికి. మొదటి ఆరు నెలల్లో వచ్చే మార్పే ఎక్కువ, కాబట్టి ఇప్పుడు ఎవరో చెప్పిన కట్టు కట్టించుకోవడానికి నెల పోగొట్టొద్దు. ఎడమ కాలికి వేడి తెలియకపోవడం మాత్రం, కుడి కాలు నడిచాక కూడా చాలాకాలం ఉండిపోవచ్చు. అప్పుడు అందరూ "బాగైపోయాడు" అని మర్చిపోతారు, కాలేది అప్పుడే.

మంచం మీద రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, మూత్రం గొట్టం సంగతి, ఆసుపత్రిలో చెప్పినట్టే చెయ్యండి, ఇవి చర్చించేవి కావు. ఇది చదివే వేరేవాళ్ల కోసం: చెట్టు మీంచి పడ్డవాణ్ని కాళ్లూ చేతులూ పట్టి ఎత్తకండి, బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టి అస్సలు తీసుకెళ్లకండి. కదపకుండా 108కి ఫోన్ చేసి ఆగండి. కదపక తప్పకపోతే నలుగురైదుగురు కలిసి, తలా మొండెమూ ఒకేసారి దుంగలా దొర్లించి తలుపు చెక్క మీదకి చేర్చండి. విరిగిన పూస ముక్క అప్పటికింకా తాడుని నొక్కి ఉండకపోవచ్చు, మనం కూర్చోబెట్టినప్పుడే నొక్కుతుంది.

మీరు ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది. రెండు స్టీలు గ్లాసులు తీసుకోండి, ఒకదాంట్లో ఫ్రిజ్ నీళ్లు, ఒకదాంట్లో గోరువెచ్చని నీళ్లు. వేడివి వద్దు. ఆయన్ని కళ్లు మూసుకోమని, ఎడమ కాలి మీద పాదం నుంచి పైకి ఒక్కోచోట ఆనిస్తూ "చల్లగానా, వెచ్చగానా" అని అడగండి. మధ్యలో ఒకే గ్లాసు రెండుసార్లు పెట్టండి, లేకపోతే వరసగా ఊహించి చెప్పేస్తారు. ఎక్కడ సరిగ్గా చెప్పడం మొదలుపెట్టారో అక్కడ పెన్నుతో గీత గీసి ఫోటో తీసి తేదీ రాసుకోండి. తర్వాత కుడి బొటనవేలు పట్టుకుని పైకో కిందకో కొంచెం కదిపి "ఎటు" అని అడగండి. వేలిని పక్కల నుంచి పట్టుకోవాలి, పైనా కిందా పట్టుకుంటే నొక్కుడు బట్టి చెప్పేస్తారు, కొత్త డాక్టర్లు కూడా ఇక్కడే మోసపోతారు. పదిసార్లు అడిగి ఎన్ని సరిగ్గా చెప్పారో రాయండి. పదిహేను రోజులకోసారి ఇదే చేసి, రివ్యూకి వెళ్లినప్పుడు ఆ కాగితం పట్టుకెళ్లండి. గీత కిందకి జరుగుతుంటే మంచిదే. పైకి జరిగితే మాత్రం తేదీ దాకా ఆగకండి, ఆ రోజే తీసుకెళ్లండి.